ఆ గీత కిందికెందుకు దిగుతోంది?

మొన్న శుక్రవారం కూరలబండి దగ్గర మా పక్కవీధి అమ్మాయి నన్ను పట్టుకుంది. ముప్పై రెండేళ్లుంటాయేమో తనకి. ఇద్దరు పిల్లలు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. "అక్కా, దూరవిద్యలో డిగ్రీ కడదామనుకుంటున్నాను. పాఠాలు టీవీలో వస్తాయటగా. మా ఆయనేమో టీవీ చూస్తే చదువొస్తుందా అంటున్నారు. నిజంగా వస్తుందా అక్కా?" అంది. వంకాయలు ఏరుతూ చెప్పే జవాబు కాదది. సాయంత్రం ఇంటికి రమ్మన్నాను. తను వచ్చాక మాట్లాడుకున్నవీ, వెళ్లిపోయాక నాకు గుర్తొచ్చినవీ మీతో కూడా పంచుకోవాలనిపించింది. ఈ ప్రశ్న మీలో చాలామంది మనసులో ఉంది. బయటికి అడిగితే ఇంట్లోవాళ్లు నవ్వుతారని అడగరు, అంతే.

వస్తుంది చెల్లీ. నాకు అలాగే వచ్చింది.

నేను 1993లో బి.ఏ. కట్టాను. అప్పటికి పెళ్లయి తొమ్మిదేళ్లు. మన సార్వత్రిక విశ్వవిద్యాలయం గురించి ఈ తరం పిల్లలకి అంతగా తెలియదు గానీ, దేశంలో అలాంటి విశ్వవిద్యాలయం మొట్టమొదట పుట్టింది మన తెలుగు నేల మీదే. 1982 ఆగస్టు 26న మొదలైంది. ఢిల్లీలో ఇగ్నో వచ్చింది ఆ తరవాత మూడేళ్లకి, 1985లో. ఇక్కడ మొదటి వైస్ ఛాన్సలర్‌గా చేసిన జి. రాంరెడ్డి గారినే అక్కడా మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకున్నారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ గారి పేరు పెట్టారు. ఇంటర్ పాసవని వాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చు అని అప్పట్లో అన్న ఒక్క మాటతో ఎంతమంది ఆడవాళ్లు మళ్లీ పుస్తకం పట్టారో! మిషను కుట్టుకునేవాళ్లు, ఆయాలు, బస్సు కండక్టర్ల భార్యలు, ఇలా నాతోపాటు పరీక్ష హాల్లో కూర్చున్నవాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

పాఠ్యపుస్తకాలు తెలుగులో ఇచ్చేవాళ్లు. ఆదివారాలు స్టడీ సెంటర్లో క్లాసులు ఉండాలి. ఉండాలి అని ఎందుకంటున్నానంటే, నాకు కేటాయించిన సెంటర్లో రెండు ఆదివారాలకి ఒక ఆదివారం లెక్చరర్ వచ్చేవారు కాదు. బస్సెక్కి, చంటిపిల్లని చంకనేసుకుని పద్దెనిమిది కిలోమీటర్లు వెళితే గదికి తాళం. వరండాలో కూర్చుని ఇంటినించి తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి వచ్చేదాన్ని. ఆ రోజుల్లో నాకు మాట తప్పకుండా పాఠం చెప్పిన మాస్టారు మా ముందుగదిలోని పద్నాలుగంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీయే.

డాబా మీద యాంటెనా. గాలి కొడితే అది తిరిగిపోయేది, బొమ్మ వంకరపోయేది. మా పెద్దాడు పైకెక్కి తిప్పుతుంటే, నేను కిటికీలోంచి "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, చాలు" అని కేక పెట్టేదాన్ని. ఆ తిప్పడంలోనే ఐదు నిమిషాల పాఠం పోయేది. పోయింది పోయినట్టే. ఇప్పటిలాగా వెనక్కి జరుపుకునే వీలు లేదు కదా.

ఒకరోజు అర్థశాస్త్రం పాఠం వస్తోంది. మాస్టారు తెర మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి, మధ్యలో పైనుంచి కిందికి ఏటవాలుగా ఇంకో గీత గీశారు. డిమాండు రేఖ. నేను ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని గబగబా గీసుకుంటున్నాను. మా అత్తయ్య అక్కడే గోడకి చేరగిలబడి చింతపండులో గింజలు తీస్తోంది. ఆవిడకి సంతకం చెయ్యడం కూడా రాదు, వేలిముద్రే. ఉన్నట్టుండి అడిగింది:

"ఏమ్మా, ఆ గీత అట్లా కిందికెందుకు దిగుతోంది?"

"ధర తగ్గితే డిమాండు పెరుగుతుంది అత్తయ్యా" అన్నాను, పుస్తకంలో ఉన్నట్టే.

"అదేంటో మన మాటల్లో చెప్పు."

చెప్పలేకపోయాను. అప్పటిదాకా నాకు అర్థమైందనే అనుకున్నాను. గీత బ్రహ్మాండంగా వేసుకున్నాను, నిర్వచనం కూడా రాసుకున్నాను. కానీ ఆవిడ ముందు నోరు పెగల్లేదు. టీవీలో మాస్టారు ముందుకెళ్లిపోతున్నారు. నేను ఆయన్ని వదిలేసి అత్తయ్య వైపు తిరిగి కూర్చున్నాను.

"టమాటాలు కిలో పది రూపాయలనుకోండి. ఎన్ని కొంటారు?"

"పావుకిలో. చారులోకి."

"రెండు రూపాయలైతే?"

"రెండు కిలోలు తీసుకుని పచ్చడి పెడతాను."

"అదే అత్తయ్యా ఆ గీత! ధర పైనున్నప్పుడు పావుకిలో దగ్గరుంటుంది. ధర కిందికొచ్చేకొద్దీ రెండు కిలోల వైపు జరుగుతుంది."

ఆవిడ రెండు గింజలు తీసి పక్కన పడేసి కాసేపు ఆలోచించింది. "మరి ఉప్పో? ఉప్పు ధర పెరిగినా కూరలో వేసేది అంతే కదా. దాని గీత కూడా ఇట్లాగే వాలుతుందా?" అంది.

అమ్మాయిలూ, నాకు ఒళ్లు జలదరించింది. పుస్తకంలో తరవాతి పాఠం సరిగ్గా అదే. డిమాండు వ్యాకోచత్వం. ధర మారినా కొనే మోతాదు అంతగా మారని సరుకుకి అందులో ఇచ్చిన ఉదాహరణ కూడా ఉప్పే. బడి మెట్టెక్కని మా అత్తయ్య చింతపండు ఒలుస్తూ ఆ పాఠం గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆ రోజునించి టీవీ పాఠం వచ్చే వేళకి ఆవిడ పక్కన లేకపోతే నాకు తోచేది కాదు. ఆ ఏడాది అర్థశాస్త్రంలో నాకొచ్చిన మార్కుల్లో సగం ఆవిడవే.

ఇది మా ఇంటి ముచ్చటేలే అనుకుంటారేమో. చాలా ఏళ్ల తరవాత, ఒక లైబ్రరీలో దూరవిద్య మీద పుస్తకాలు తిరగేస్తుంటే, అమెరికాలో దీని మీద ఎంత పరిశోధన జరిగిందో తెలిసి ఆశ్చర్యపోయాను. టీవీ పాఠమా, తరగతి గది పాఠమా, దేనితో పిల్లలు బాగా నేర్చుకుంటారు అని వాళ్లు 1950ల నించీ పోల్చి చూస్తూనే ఉన్నారు. గాడ్విన్ చు, విల్బర్ ష్రామ్ అనే ఇద్దరు 1967లో అలాంటి 421 పోలికల్ని ఒకచోట చేర్చారు. అందులో 308 పోలికల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. 63 చోట్ల టీవీతో నేర్చుకున్నవాళ్లది పైచెయ్యి, 50 చోట్ల తరగతి గదిలో నేర్చుకున్నవాళ్లది. అంటే పాఠం టీవీలో వస్తోంది కాబట్టి చదువు రాదు అనే మాటకి అప్పుడే ఆధారం లేదు. మీ ఆయన మళ్లీ అడిగితే ఈ మూడు అంకెలూ చెప్పమని పక్కవీధి అమ్మాయికి కాగితం మీద రాసిచ్చాను.

నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం ఇంకో దాని దగ్గర. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ గిబ్బన్స్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఉండేవారు. శాంటా రోసా అనే ఊళ్లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీలో పనిచేసే ఇంజనీర్లు పైచదువు చదవాలనుకున్నారు. రోజూ స్టాన్‌ఫర్డ్ దాకా వెళ్లిరావడానికి కుదరదు. అందుకని క్లాసుల్ని వీడియో టేపు మీద పట్టి వాళ్లకి పంపించారు. అయితే ఊరికే చూడమనలేదు. కొద్దిమందిని ఒక జట్టుగా కూర్చోబెట్టి, వాళ్లతో ఒక మనిషిని ఉంచారు. ఆ మనిషి పెద్ద పండితుడు కానక్కర్లేదు. కొన్ని నిమిషాలకోసారి టేపు ఆపి "ఇప్పుడు ఆయన చెప్పిందేంటి? ఎందుకలా?" అని అడగడం, వాళ్లలో వాళ్లని మాట్లాడుకోనివ్వడం, అదే అతని పని. చివరికి చూస్తే యూనివర్సిటీలో నేరుగా క్లాసుల్లో కూర్చున్నవాళ్లకన్నా వీళ్లకే మెరుగ్గా వచ్చింది. 1977లో సైన్స్ పత్రికలో ఈ సంగతి అచ్చయింది.

అది చదివినప్పుడు నాకు కళ్లముందు మెదిలింది మా అత్తయ్య. ఆ శాంటా రోసా మనిషి చేసిన పనే ఆవిడా చేసింది. ఆపింది, అడిగింది. తనకి తెలియదు కాబట్టే నిజంగా అడిగింది.

మన దేశంలోనూ దీని రుచి తెలిసినవాళ్లు ఉన్నారు. 1975 ఆగస్టు నించి ఏడాదిపాటు అమెరికా వాళ్ల ఉపగ్రహం ఒకదాన్ని వాడుకుని, ఇస్రో వాళ్లు ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి టీవీ చూపించారు. సైట్ ప్రయోగం అంటారు దాన్ని. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్లగూటికి కొట్టే వలలాంటి ఇనుప జాలీతో చేసిన పెద్ద గొడుగుని పైకి నిలబెట్టి, కింద ఊరంతటికీ ఒకే టీవీ పెట్టేవాళ్లు. పొద్దున పిల్లలకి, రాత్రి పెద్దలకి. అందులో నాకు బాగా నచ్చే ముక్క టీచర్ల శిక్షణ. దాదాపు యాభై వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకి సైన్సు ఎలా చెప్పాలో నేర్పారు. టీవీ ఒక్కదాన్నే నమ్ముకోలేదు వాళ్లు. రేడియో, అచ్చు పాఠాలు, చేతులతో చేసి చూసే పనులు, పక్కనుండి నడిపించే మనిషి, అన్నీ కలిపి ఇచ్చారు. యాభై ఏళ్ల కిందట, కరెంటే సరిగ్గా లేని ఊళ్లలో!

ఆ తరవాత 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో యూజీసీ వాళ్ల పాఠాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం పూట, ఇంగ్లీషులో. నాకప్పుడు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా వంటింటి పని అయ్యాక కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేదాన్ని. తేనెటీగ గూడు, శని గ్రహం చుట్టూ వలయాలు, రక్తం గుండెలోకి వెళ్లి రావడం. మాట అర్థం కాకపోయినా బొమ్మ వదిలేది కాదు. గుండెలో నాలుగు గదులుంటాయని నేను మొదట చూసింది అక్కడే. ఈ ఒక్క విషయంలో టీవీకి సాటి లేదు. ఏ పల్లెటూరి బడిలో మాస్టారు కొట్టుకుంటున్న గుండెని తెచ్చి చూపించగలరు?

అయితే ఇదే టీవీ మనల్ని మోసం చేసేదీ ఇక్కడే. చూస్తుంటే హాయిగా ఉంటుంది. హాయిగా ఉన్నదల్లా అర్థమైనట్టే అనిపిస్తుంది. శాలమన్ అనే మనస్తత్వవేత్త ఆరో తరగతి పిల్లలకి ఒకే కథని కొందరికి తెరమీద చూపించి, కొందరికి అచ్చులో చదివించి, 1984లో ఆ ఫలితాలు ప్రకటించాడు. పిల్లల దృష్టిలో టీవీ తేలిక, పుస్తకం కష్టం. తేలిక అనుకున్నవాళ్లు మనసు తక్కువ పెట్టారు. కథలో పైకి చెప్పని సంగతుల్ని ఊహించి చెప్పమన్నప్పుడు చదివిన పిల్లలే బాగా చెప్పారు. తప్పు తెరది కాదు తల్లీ. సీరియల్‌కి కూర్చున్నట్టే పాఠానికీ కూర్చుంటాం చూడు, అదీ సంగతి.

2020లో ఇది నా కళ్లతో చూశాను. అప్పుడు మేము హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరున్నాం. కరోనాతో బళ్లు మూసేశారు. తెలంగాణలో సెప్టెంబరు 1 నించి దూరదర్శన్ యాదగిరిలోను, టీశాట్‌లోను పాఠాలు మొదలుపెట్టారు. ఆంధ్రలో సప్తగిరి ఛానెల్లో విద్యా వారధి పేరుతో అంతకుముందే మొదలైంది. మా అపార్ట్‌మెంటు కింద వాచ్‌మన్ కుటుంబం ఉండేది. ఒకటే గది. తండ్రి రాత్రి డ్యూటీ చేసి పగలు ఆ గదిలోనే పడుకుంటాడు. ఆయన నిద్ర చెడకుండా సౌండు బాగా తగ్గించి, టీవీకి రెండడుగుల దూరంలో గొంతుకు కూర్చుని పాఠం వినేది వాళ్ల ఆరో తరగతి పిల్ల. మాస్టారి పెదాలు చూసి మాట పట్టుకునేది పాపం.

ఓ రోజు కూరగిన్నె ఇద్దామని దిగాను. భిన్నాల లెక్క నడుస్తోంది. మూడు బై నాలుగు, ఒకటి బై రెండు, కలపాలి. మాస్టారు చకచకా చేసేసి "అర్థమైందా పిల్లలూ?" అన్నారు. "అర్థమైంది సార్" అంది ఈ పిల్ల టీవీతో, నిండు భక్తితో. పాఠం అయ్యాక అదే లెక్క నోటుబుక్కులో చేసి చూపించమన్నాను. పైవి పైవి కలిపింది, కిందివి కిందివి కలిపింది. నాలుగు బై ఆరు అని రాసింది. నా వంక ధీమాగా చూసింది.

నేను తప్పని అనలేదు. "మీ అమ్మ ముప్పావుకిలో పంచదార, అరకిలో బెల్లం తెమ్మంది. సంచీలో మొత్తం ఎంత బరువు?" అన్నాను.

"కిలోంబావు" అంది ఠక్కున. కొట్టుకి రోజూ వెళ్లేది తనే మరి.

"ముప్పావు అంటే అంకెల్లో ఎలా రాస్తావు?"

రాసింది. మూడు బై నాలుగు. కింద అర రాసింది. ఒకటి బై రెండు. తను అంతకుముందు చేసిన లెక్క వైపు, దీని వైపు మార్చి మార్చి చూసింది. నాలుగు బై ఆరంటే కిలో కూడా కాలేదు కదా ఆంటీ, అని తనే కనిపెట్టింది. దిద్దుకుంటుంటే దాని ముఖం చూడాలి మీరు! ఆ టీవీ మాస్టారు పాఠం బాగానే చెప్పారు, నేను విన్నాను. ఆయనకి ఈ పిల్ల నోటుబుక్కు కనపడదు, అంతే తేడా. ఆ నోటుబుక్కు చూసే మనిషి లేక ఆ ఏడాది ఎంతమంది పిల్లలు "అర్థమైంది సార్" దగ్గరే ఉండిపోయారో తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు సౌకర్యాలకేం తక్కువ లేదు. 2017లో కేంద్రం వాళ్లు స్వయంప్రభ పేరుతో 32 ఛానెళ్లు ఒక్కసారి మొదలుపెట్టారు. తరవాత ఇంకా పెంచారు. పాఠాలు యూట్యూబులోనూ దొరుకుతున్నాయి. ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. యాంటెనా తిప్పే పని లేదు. ఇంత ఉన్నా దూరవిద్యలో చేరినవాళ్లు మధ్యలో మానేస్తుండటం చూస్తూనే ఉన్నాను. మానేసిన ఆడపిల్లలతో మాట్లాడితే పాఠం అర్థం కాలేదన్నవాళ్లు నాకు తక్కువగా కనిపించారు. "కూర్చోవడానికి కుదర్లేదక్కా" అన్నవాళ్లే ఎక్కువ.

అందుకే పక్కవీధి అమ్మాయితో పాఠాల సంగతికన్నా ఆ గంట సంగతే ఎక్కువసేపు మాట్లాడాను. రోజుకి ఒక గంట నీదని ఇంట్లో ముందే చెప్పెయ్యి. పొద్దున ఐదింటికో, పిల్లలు బడికి వెళ్లాకో, ఏ గంటైనా సరే. ఆ గంటలో కుక్కర్ కూత పెడుతున్నా లేవకు, ఇంకొకరు కట్టేస్తారు. పాఠం పెట్టకముందే పుస్తకంలో ఆ పేజీలు ఓసారి తిప్పు, తెలియని మాట కింద గీత పెట్టుకో. పావుగంటకోసారి ఆపు. టీవీలో నేరుగా వస్తుంటే ఆపలేవు కాబట్టి అయ్యాక వెంటనే కట్టెయ్యి, వెనకే సీరియల్ మొదలవకుండా. పుస్తకం మూసి, విన్నది నీ మాటల్లో పైకి చెప్పుకో. చెప్పలేని చోటు దొరుకుతుంది. ఆ చోటే నువ్వు చదవాల్సిన చోటు. సైన్సు తీసుకుంటే మాత్రం ల్యాబుకి వెళ్లి తీరాలి. పరీక్షనాళికని మంట మీద ఎలా పట్టుకోవాలో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఇంగ్లీషు మాట్లాడటమూ అంతే, తెరతో మాట్లాడితే అది నీ తప్పు దిద్దదు. స్టడీ సెంటర్లో ఆదివారం క్లాసుంటే మానకు. తాళం వేసుందా, తోటివాళ్లు నలుగురూ వరండాలోనే కూర్చుని పాఠం చెప్పుకోండి. నాకు అప్పట్లో ఈ ఆలోచన రాలేదు, పులిహోర తిని వచ్చేశాను. ఆ నలుగురిలో ఒక్కరితోనైనా గీతల గురించి మాట్లాడి ఉంటే ఎంత బావుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

అన్నీ విని ఆ అమ్మాయి కాసేపు ఊరుకుంది. తరవాత మెల్లిగా, "అవన్నీ చేస్తానక్కా. కానీ మీకు మీ అత్తగారు ఉన్నారు. మా అత్తగారు ఊళ్లో ఉంటారు. ఈయన రాత్రి తొమ్మిదికి గానీ రారు. నా పక్కన కూర్చుని అడిగేదెవరు?" అంది.

ఏం పుస్తకాలు తీసుకుంటున్నావన్నాను. కామర్స్ అంది. ఆస్తి అప్పుల పట్టీలు, డెబిట్లు, క్రెడిట్లు. నాకు ఒక్క ముక్క తెలియదు వాటి గురించి.

"ఆదివారం మూడింటికి మా ఇంటికి రా" అన్నాను. "పిల్లల్ని కూడా తీసుకురా, జంతికలు చేసి ఉంచుతాను. పాఠం ఫోనులో పెట్టి మధ్యలో ఉంచుదాం. నాకు అర్థం కానప్పుడల్లా ఆపేస్తాను, నువ్వు చెప్పాలి మరి."

"నాకూ రాకపోతే?"

"ఇద్దరం మళ్లీ వెనక్కి తిప్పుకుందాం."